పరగడుపు మాత్ర

స్టీలు డబరాలో నురగ పొంగుతున్న కాఫీ అనూహ్య ముందుకొచ్చి ఆగింది. తెచ్చింది పెళ్ళికొడుకే. అతని చొక్కా జేబు కింద డికాక్షన్ మరక ఉంది. అతను చూసుకోలేదు గానీ అనూహ్య చూసింది.

"తీసుకోండి," అన్నాడు నవనీత్.

"వద్దండి."

పక్కన కాఫీ ఊదుకుంటున్న అనూహ్య తల్లి కనకం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తండ్రి సుబ్బరాయలుకి పొలమారింది. ఎదురు కుర్చీలో పెళ్ళికొడుకు తండ్రి పట్టాభి భార్య లోగనాయకి వైపు చూశాడు.

"చక్కెర లేకుండా ఇంకోటి తెచ్చేదా?" నవనీత్ అడిగాడు.

"కాఫీకేం, బాగానే ఉంటుంది. నాకే వద్దు."

ఇది మరీ ఘోరం.

ఎందుకంటే, పుదుచ్చేరిలో తరతరాలుగా స్థిరపడిన ఈ తెలుగు కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. సంబంధం కోసం వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు ఎన్నైనా తాగొచ్చు. కాఫీ తాగినా, పలహారం ముట్టినా మాత్రం 'చెయ్యి తడిపినట్టు'. చెయ్యి తడిపితే సంబంధం ఖాయమని మాట ఇచ్చినట్టే. జాతకాలు కుదిరాయి, ఫోటోలు నచ్చాయి, ఇక ఇల్లు చూసి చెయ్యి తడిపి వెళ్ళడమే మిగిలిందని సుబ్బరాయలు దంపతులు కోసపాళయం వచ్చారు. ఇప్పటి కాలం కదా, పిల్ల కూడా చూసుకోనీ అని వెంట తెచ్చారు. తల్లీ తండ్రీ సగం గ్లాసు ఖాళీ చేశాక పిల్ల "నాకే వద్దు" అంటే ఆ ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలి? అబ్బాయి నచ్చలేదనే కదా!

నిజానికి అబ్బాయి నచ్చాడు. ఆ డికాక్షన్ మరకతో సహా నచ్చాడు. అదే అనూహ్య బాధ.

ఆ ఇరకాటం నుంచి అందరినీ బయటపడెయ్యాలని నవనీత్ ఏదో మాట్లాడబోయాడు. జూన్ నెల ఉక్కపోత. హాల్లో ఫ్యాన్ ఆగి ఉంది. సుబ్బరాయలు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. లోగనాయకి మాత్రం భుజాల మీద ఉన్ని శాలువా కప్పుకుని కూర్చుంది.

"ఫ్యాన్ వేస్తే మా అమ్మకి పడదండి. ఊటీలో పుట్టాల్సింది, దారి తప్పి పాండీకొచ్చింది," అన్నాడు నవనీత్.

"పొద్దున లేవదు కూడా. మొద్దునిద్ర. కాఫీ కూడా వీడే పెట్టాల," పట్టాభి అందుకున్నాడు.

అందరూ నవ్వారు. లోగనాయకి కూడా నవ్వింది. రాహుకాలం వచ్చేస్తుందన్న వంకతో అమ్మాయివైపు వాళ్ళు లేచారు.

కారు కడలూరు రోడ్డెక్కేదాకా కనకం ఓపిక పట్టింది. ఆ తర్వాత పట్టలేదు.

"ఒక్క గుటక తాగింటే ఏం పోయిండేదే నీకు?"

"అప్పుడే మాత్ర వేసుకున్నానని చెప్పింటే సరిపోయేది. నువ్వే కదా నోరెత్తొద్దన్నావు."

"ఇంటికాడ వేసుకోకుండా వాళ్ళ వీధిలోకొచ్చి వేసుకుంటారా ఎవురైనా?"

"తెల్లారకముందే లేపి తలకి పూలు పెడతా ఉంటే మర్చిపోయినా. అరియాంకుప్పం దాటినాక గుర్తొచ్చింది. ఏం చెయ్యమంటావు మరి?"

"చెప్పొద్దు. అంతే. వెయ్యి అబద్ధాలాడి ఒక కల్యాణం చెయ్యమన్నారు పెద్దోళ్ళు. నేను అబద్ధం కూడా ఆడమనలే. సుమ్మా నోరు మూసుకోని ఉండమంటా ఉండా. తాళి పడినాక నిదానంగా చెప్పుకోవచ్చు."

సుబ్బరాయలు కారు నడుపుతూ ఎవరి పక్షమూ తీసుకోలేదు. కిరుమాంబాక్కంలో వరి పండించే ఆయన ఈ తల్లీ కూతుళ్ళ మధ్యకు రావడం ఏనాడో మానుకున్నాడు.

అనూహ్యకి థైరాయిడ్ ఉందని తెలిసి రెండేళ్ళయింది. అంతకు ముందు ఏడాదంతా ఇంట్లో ఆమెకు తిట్లే. ఆఫీసు నుంచి వచ్చి చీర కూడా మార్చకుండా పడుకునేది. దువ్వెన నిండా జుట్టు. తిండి తగ్గించినా ఒళ్ళు వచ్చేది, నెలసరి తప్పేది. ఏ పని మీదా మనసు నిలిచేది కాదు. "సోమరితనం" అంది కనకం. "ఫోను" అన్నాడు సుబ్బరాయలు. చివరికి ఆఫీసులో సిస్టమ్ ముందే నిద్రపోతే, పక్క సీటు అభినయ లాక్కెళ్ళి డాక్టరుకి చూపించింది.

ఆ డాక్టరమ్మ తన గొంతు ముందు వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుందమ్మా. ఒంట్లో ప్రతి పనీ ఎంత చురుగ్గా జరగాలో దాని హార్మోనే చూసుకుంటుంది. నీది మందగించింది. మెదడు 'ఇంకా పని చెయ్యి' అని దాన్ని అదిలిస్తూ పంపేదే టీఎస్‌హెచ్. గ్రంథి మందగించేకొద్దీ ఆ అదిలింపు ఎక్కువవుతుంది, అందుకే నీ రిపోర్టులో ఆ అంకె పెరిగింది. ఇందులో నీ తప్పేం లేదు. ఆడవాళ్ళలో చాలామందికి ఉంటుంది. ఒంట్లో తక్కువైన హార్మోన్నే మాత్రగా వేసుకుంటావు, అంతే."

నీ తప్పేం లేదన్న మాటకు అనూహ్య అక్కడే ఏడ్చేసింది. మాత్రల కంటే ముందు ఆమెకు ఆ మాటే పనిచేసింది.

మొదట్లో మాత్రను కాఫీతోనే మింగేది. ఎన్ని నెలలైనా రిపోర్టు బాగుపడలేదు. కాఫీతో వేసుకుంటే మాత్ర ఒంటికి సరిగా పట్టదని, వేసుకున్నాక కనీసం అరగంట నీళ్ళు తప్ప ఏమీ తాగొద్దని డాక్టరమ్మ కోప్పడ్డాక దారికొచ్చింది. అప్పటి నుంచి పరగడుపు మాత్ర విషయంలో అనూహ్య ఎవరి మాటా వినదు. పెళ్ళికొడుకు మాట కూడా వినలేదు, చూశారుగా!

దాచిపెడితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. పెద్దమ్మ కూతురు దీక్షిత అక్క దాచే పెళ్ళి చేసుకుంది. అత్తగారు చూస్తుందని భయపడి చుట్టాలొచ్చిన రోజుల్లో మాత్రలు మానేసేది. కడుపుతో ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ బాగా పెరిగిపోతే డాక్టరు కేకలేశాడు. బిడ్డ క్షేమంగా పుట్టింది, అది అదృష్టం. ఇప్పటికీ అక్క అదేదో విటమిన్ మాత్రని చెప్పే మింగుతోంది. ఆ బతుకు తనకొద్దని అనూహ్య గట్టిగా అనుకుంది. అయితే నిజం చెబితే ఈ డికాక్షన్ మరక అబ్బాయి చేజారిపోతాడేమో! ఆ భయం కూడా అంతే గట్టిగా ఉంది.

రెండు రోజులాగి ఆ అబ్బాయే మిషన్ వీధిలో అనూహ్య పనిచేసే ఆడిటరు ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో బిల్లుల కట్ట.

"రవిచంద్రన్ సార్ లేరండి," అంది అనూహ్య తలెత్తకుండా. తర్వాత ఎత్తింది.

"సార్ కోసం రాలే. ఒక డౌట్ ఉండాది. క్లియర్ చేసుకొని పోదామని వచ్చినా."

"జీఎస్టీనా?"

"అంతకన్నా కష్టం. మీరు వద్దన్నది కాఫీనా, నన్నా?"

పక్క సీట్లో అభినయ కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"నన్నే అయితే ప్రాబ్లం లేదు, దండం పెట్టి పోతా. కాఫీనే అయితే మాత్రం నాకు చాలా ఫీలింగ్. కోసపాళయంలో మా ఇంటి కాఫీకి ఒక పేరుండాది," అన్నాడు నవనీత్ చాలా సీరియస్‌గా.

అనూహ్యకి నవ్వు ఆగలేదు. "కాఫీనే."

"అయితే నేను పరవాలేదా?"

"అట్లా నేను అన్లే."

"వద్దని కూడా అన్లే కదా!"

"మీకు కొట్లో పని లేదా?"

"ఉండాది. తాళ్ళు, టార్పాలిన్లు అమ్మల్ల. వైతికుప్పం బోటువాళ్ళు పొద్దుటి నుంచి కాచుకోని ఉండారు. ఈ డౌట్ తీరక ఒకాయనకి తాడు తక్కువ కొలిచేసినా, తిట్టిపోయినాడు."

ఆ బిల్లుల కట్ట పోయినేడాదిదని అతను వెళ్ళాక గానీ తెలీలేదు. అందులో పైకాగితం వెనక ఫోన్ నంబరుంది. అభినయ చప్పట్లు కొట్టింది.

అక్కడి నుంచి మెసేజీలు మొదలయ్యాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఇద్దరికీ తెలుగు రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో "thinnava", "yaada undav" అని టైపు చేసుకునేవాళ్ళు. సముద్రం ఒడ్డున రెండుసార్లు నడిచారు. అతను నవ్వించేవాడు. నవ్విన ప్రతిసారీ అనూహ్యకి లోపల ముల్లు గుచ్చుకునేది. ఇంకా చెప్పలేదు, ఇంకా చెప్పలేదు.

ఒక సాయంత్రం పెద్ద మార్కెట్ దగ్గర ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అనూహ్య స్కూటీ ఆపి, తలమీద హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని పరుగెత్తి దూరింది అతని కొట్లోకే. మరి వంద కొట్లున్నాయి కదా అని అడక్కండి. వానకు ఆ కొట్టే దగ్గరైంది.

"వాన రాకపోతే వచ్చేవాళ్ళు కాదా?" తువ్వాలు అందించాడు నవనీత్.

"గొడుగులు కూడా అమ్మొచ్చు కదా మీరు?"

"గొడుగు అమ్మితే కొనుక్కొని వెళ్ళిపోతారు. టార్పాలిన్ అయితే కింద నిలబడాల్సిందే."

పైన కట్టిన నీలం టార్పాలిన్ మీద వాన దడదడమంటోంది. బజారులో మనిషి లేడు. అతను ఆమెనే చూస్తున్నాడు. ఆమె వాననే చూస్తున్నట్టు నటించింది. ఇంక ఆపుకోలేకపోయింది.

"మీకొకటి చెప్పల్ల. అమ్మ చెప్పొద్దనింది. నాకు థైరాయిడ్ ఉండాది. దినామూ పరగడుపున మాత్ర వేసుకోవాల. వేసుకున్నాక అరగంట కాఫీ తాగకూడదు. ఆ రోజు మీ వీధి మలుపులో వేసుకొని లోపలికొచ్చినా. అందుకే వద్దన్నా."

నవనీత్ కళ్ళు పెద్దవి చేసి చూశాడు. "అంతేనా?"

"అంతేనా అంటారేంది? నేను రెండేళ్ళు ఏడ్చినా!"

"అయ్యయ్యో, అట్లా కాదు. కాఫీనే అని మీరన్నా, నా మొగమే నచ్చలేదేమోనని నేను అన్నం సరిగ్గా తినలే. ఆ సంతోషంలో నోరు జారినా." అతను స్టూలు ఆమె వైపు జరిపాడు. "నాకు దీని గురించి ఏమీ తెలీదు. అడగొచ్చా? నవ్వకూడదు."

"అడగండి."

"అంటుకుంటుందా?"

"జలుబా ఏంది అంటుకోను?"

"ముట్టకోసు, అదే క్యాబేజీ, తినకూడదంట కదా? వాట్సాప్‌లో వచ్చింది."

"పచ్చిగా బుట్టలు బుట్టలు నమిలితేనే కష్టం. వండుకొని మామూలుగా తినొచ్చు."

"ఎన్నాళ్ళు వేసుకోవాల?"

"నా మటుకు ఎప్పటికీనంట. అప్పుడప్పుడు రక్తం టెస్టు చేసి డోసు చూస్తారు. బాగుంది కదా అని మనంతట మనం మానేయకూడదు."

అతను కాసేపు తాడు చుట్టను అటూ ఇటూ జరిపాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మరి... రేపు..."

"పిల్లలా? కలుగుతారు. టీఎస్‌హెచ్ అదుపులో పెట్టుకుంటే ఇబ్బంది లేదంట. కడుపుతో ఉన్నప్పుడు డోసు పెంచాల్సి రావొచ్చు, మొదట్లోనే డాక్టర్ని కలవాల. సిగ్గుపడతా అయినా అడిగినారు, దానికి మార్కులేస్తా."

"ఎన్ని?"

"ఫస్ట్ క్లాస్ కాదు."

నవనీత్ పెద్దగా నవ్వేశాడు. ఆ నవ్వులో ఎక్కడా వెనకడుగు లేదు.

"మా అమ్మకి నేను చెప్తాలే," అన్నాడు.

"వద్దు. నా ఒంటి సంగతి, నేనే చెప్తా."

అదే ఆమె చేసిన సాహసం. మంచిదా చెడ్డదా అన్నది వినండి.

ఆదివారం అనూహ్య కోసపాళయం వెళ్ళేసరికి లోగనాయకి మునగాకు దూస్తోంది. ఎండ మండుతున్నా శాలువా భుజాల మీదే ఉంది. విషయమంతా చెప్పే వరకు ఆమె చెయ్యి ఆపలేదు. తర్వాత ఆపింది.

"చెప్పినావు, మంచిది. కానీ పాపా, మాకు వీడొక్కడే. థైరాయిడ్ ఉండే పిల్లలకి బిడ్డలు నిలవరంట. నువ్వు మంచిదానివే. మాకు మాత్రం వద్దమ్మా."

గొంతు బొంగురుగా, మాట నిదానంగా వచ్చింది. కోపం లేదు. అంత మెల్లగా వద్దంటే ఇంకెలా వాదిస్తాం? అనూహ్య తల వంచుకుంది.

తల వంచుకున్నందుకే లోగనాయకి కాళ్ళు కనిపించాయి. చర్మం పొడిబారి పొట్టు లేస్తోంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలికి ఉంగరం తీసేసిన గుర్తు. "వేళ్ళు వాచినాయి, సబ్బు పెట్టి తీసినాం" అని ఆమె ఇందాక మాటల్లో అంది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి, కనుబొమ్మల చివరలు పలచబడ్డాయి. చలి. నిద్ర. అనూహ్య రాగానే నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో మర్చిపోయి వట్టి చేతులతో తిరిగొచ్చింది కూడా.

రెండేళ్ళ కిందటి తననే ఎదురుగా చూస్తున్నట్టు అనూహ్యకి అనిపించింది.

ఇప్పుడేం చెయ్యాలి? నోరు మూసుకుని వెళ్ళిపోతే ఇంకా ఏదో ఆశ ఉంది. నవనీత్ బతిమాలతాడు, నెల తిరిగేసరికి ఈమె మనసు కరగొచ్చు. నోరు విప్పితే ఆ ఆశ పోయినట్టే. సంబంధం వద్దన్న మనిషిని పట్టుకుని నీకూ రోగముందంటే, కసితో అన్నదని ఎవరైనా అంటారు. తానైనా అంటుంది. అనూహ్య గడప దాటి చెప్పులేసుకుంది. ఒక కాలికే వేసుకుంది. మళ్ళీ విడిచి లోపలికొచ్చింది.

"అత్తా, తప్పుగా అనుకోవద్దు. నేను డాక్టర్ని కాదు. మీకు ఈ చలి, ఈ వాపు, ఈ మరుపు... నాకూ ఇట్లానే ఉండేది. ఒకసారి రక్తం టెస్టు చేయించుకోండి."

లోగనాయకి ముఖం మాడిపోయింది. "ఏందీ? నీకుంటే నాకూ ఉండాలనా?"

లోపలి గది నుంచి పట్టాభి వచ్చాడు. "వద్దన్నందుకు మా ఇంటి మనిషిని రోగిష్టిని చేస్తావా? వయసైతే అందరూ అట్లానే ఉంటారు. పోమ్మా, ఇంటికి పో."

నవనీత్ వీధి చివరి దాకా వెంట వచ్చాడు. "మీరు చెప్పింది..."

"నా మాట వదిలేయండి. అమ్మకి టెస్టు చేయించండి," అంది అనూహ్య స్కూటీ స్టార్ట్ చేస్తూ. ఏడుపు కనబడకుండా హెల్మెట్ అద్దం దించుకుంది.

కనకం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "వద్దన్నోళ్ళకి వైద్యం చెప్పను పోయింది మహాతల్లి!" అని గోడలతో చెప్పుకుంది. అంతలో తమిళుల ఆడి మాసం వచ్చింది. ఆడిలో పెళ్ళి మాటలు ఎవరూ ఎత్తరు. ఫోను మోగినప్పుడల్లా అనూహ్య పరుగెత్తేది. కొరియర్ వాడో, బ్యాంకు వాడో. నవనీత్ నుంచి ఒకే ఒక్క మెసేజీ వచ్చింది. "Amma kopanga undadi. Nenu ikkade unda." ఆ రెండో మాటను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో ఆమెకే తెలీదు.

ఆడి వెళ్ళి ఆవణి నెల పుట్టిన పొద్దున కిరుమాంబాక్కంలో సుబ్బరాయలు ఇంటి ముందు ఆటో ఆగింది. నవనీత్ చెయ్యి పట్టుకుని లోగనాయకి దిగింది.

కనకం కంగారుగా కుర్చీ వేసింది. లోగనాయకి కూర్చోలేదు. సరాసరి అనూహ్య దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆడిలో ఈ మాట ఎత్తకూడదని ఆగినా. నీ మీద కోపంతోనే టెస్టు చేయించుకున్నా పాపా. ఏమీ లేదని రిపోర్టు తెచ్చి నీ మొగాన పారేద్దామనుకున్నా. డాక్టరు నా రిపోర్టు చూసి, ఇంతకాలం ఎట్లా నడిచినావమ్మా అన్నాడు."

అనూహ్య కుర్చీ ఆమె దగ్గరికి జరిపింది.

"మాత్ర వేసుకుంటా ఉండా. ఇంకా అంతా సరికాలే, మెల్లగా అవుతుందన్నారు. కానీ పొద్దున లేస్తా ఉండా. లేచి వాకిట్లో నిలబడితే ఏమనిపిస్తుందో తెలుసా?" ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇన్నేళ్ళూ అందరూ నన్ను మొద్దు అన్నారు. నేనూ నవ్వినా. నేనూ నన్ను మొద్దే అనుకున్నా పాపా. ఒక్కరూ, ఇదేమైనా జబ్బేమో అనలే. వద్దని పంపిన నువ్వు వెనక్కొచ్చి చెప్పినావు."

"అత్తా, ఏడవొద్దు."

"ఏడవనీ. బిడ్డలు నిలవరని నిన్ను అంటిని. అదే డాక్టర్ని అడిగినా. కడిగిపెట్టినాడు నన్ను." లోగనాయకి కళ్ళు తుడుచుకుని కనకం వైపు తిరిగింది. "వదినా, మీ పిల్లని మా వాడికి ఇస్తారా? మా ఆయన రాను సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నాడు. తప్పైందని చెప్పమన్నాడు."

సుబ్బరాయలు మొట్టమొదటిసారి భార్యకంటే ముందు నోరు తెరిచాడు. "ఇస్తాం."

నవనీత్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు.

నిచ్చయ తాంబూలం ఆ నెలలోనే, కోసపాళయంలో ఒక చిన్న హాల్లో. తాంబూలం పళ్ళేలు వరసగా పెట్టారు. అయ్యవారు లగ్నపత్రిక చదవబోతుండగా పట్టాభి అక్కగారు పక్కనున్నామెతో గుసగుసలాడింది. గుసగుస అనుకున్నది ఆవిడొక్కతే, హాలంతా వినబడింది. "పిల్లకి ఏదో జబ్బంట. దినామూ మాత్ర మింగాలంట. దాచిపెట్టి అంటగడతా ఉండారేమో!"

అనూహ్య చేతుల్లో పూలదండ బిగుసుకుంది. లోగనాయకి చటుక్కున నోరు తెరిచింది. కానీ అంతకు ముందే ఇంకొకరు లేచి నిలబడ్డారు.

కనకం!

"దాచిపెట్టలే వదినా," అంది. "దాచిపెట్టమన్నది నేను. నా బిడ్డ వినలే. దానికి థైరాయిడ్ ఉండాది. సోమరిదని ఒక ఏడాది నేనే తిట్టినా, అది ఏడస్తా ఆఫీసుకి పోయేది. నా బిడ్డ తప్పేం లేదు. తప్పు నాది. అందరూ వినండి, ఇంగ నేను దాచను."

అనూహ్యకి కళ్ళు మసకబారాయి. అమ్మ నోట ఆ మాట ఈ జన్మలో వింటానని ఆమె అనుకోలేదు.

"నాకూ ఉండాది," అంది లోగనాయకి గట్టిగా.

"నాకూ," అంది వెనక వరసలో ఎవరో. "కాన్పు అయినప్పటి నుంచి."

"నాకు దీనికి ఎదురుది. చెయ్యి వణకడం, గుండె దడ, సన్నబడిపోవడం. అదీ థైరాయిడేనంట," ఇంకో గొంతు.

"నీది ఎంత పవరు?"

"యాభై. నీది?"

"నేను కాఫీతోనే మింగుతా ఉండానే! తప్పా?"

"అయ్యో, తప్పే! కాల్షియం మాత్ర కూడా దాంతో కలిపి వేసుకోవద్దు, నాలుగు గంటలు ఆగాల."

అయ్యవారు పత్రిక పట్టుకుని అలాగే నిలబడ్డారు. "లగ్నం దాటిపోతుందమ్మా," అని బతిమాలారు. వినేవాళ్ళు లేరు. పట్టాభి అక్కగారు కాసేపు మూతి బిగించుకుని కూర్చుని, తర్వాత లోగనాయకి వైపు వంగి, "ఆ టెస్టు యాడ చేస్తారే?" అని అడిగింది. ఈసారి నిజంగా గుసగుసే.

తాంబూలాలు మార్చుకున్నాక ఫోటోల హడావిడిలో నవనీత్ ఆమెను మేడమెట్ల మలుపులోకి పిలిచాడు.

"ఒకటి అడగల్ల. ఆ రోజు మా అమ్మకి చెప్పకుండా పోయింటే, నేను ఎట్లాగో ఒప్పించేవాణ్ణి. చెప్తే నేను చేజారిపోతానని తెలుసు కదా నీకు?"

"తెలుసు."

"అయినా చెప్పినావు. బాధ పడలేదా?"

"పడలేదా? కిరుమాంబాక్కం దాకా ఏడ్చినా. రోడ్డు కనబడక ఒక చోట బండి ఆపి మరీ ఏడ్చినా."

"నా కోసమా?"

"కాదు, ఆడిటరు కోసం!"

అతను నవ్వలేదు. "నాకు ఎక్కడెక్కడివో తాళ్ళు, ముళ్ళు అన్నీ తెలుసు గానీ, ఇంట్లో మా అమ్మ ఒంట్లో ఏముందో తెలీలేదు. ఊటీ, ఊటీ అని నవ్వినా. నువ్వు ఒక్క గంటలో చూసినావు. అనూ, నాకు నువ్వంటే చాలా ఇష్టం. నీకు ఒంట్లో బాగలేని రోజు నవ్వను, అడుగుతా. అంతే, ఇంక పెద్ద మాటలు నాకు రావు."

అనూహ్య అతని చెయ్యి పట్టుకుంది. మెట్ల మీద నుంచి ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోలేదు.

"నాకూ ఇష్టమే," అంది. "నచ్చావని ఆ రోజే తెలుసు. వద్దన్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది."

కింద నుంచి లోగనాయకి పిలుస్తోంది. ఫోటోగ్రాఫర్ కాచుకోని ఉండాడు, రండి, మీ ఇద్దరమ్మల మధ్యన నిలబడాల అంటోంది. ఇద్దరూ చెయ్యి విడవకుండానే మెట్లు దిగారు.